మాది, వాళ్ళది, ఉమ్మడి

మేడమీదావిడ చూసిందట. చూసి కడుపులో దాచుకోలేక మెట్లు తుడిచే ఆమె చెవిన వేసిందట. ఆమె తడిగుడ్డ పిండుతూ పిండుతూ అత్తగారికి చెప్పిందట. అత్తగారికి ‘కాస్త ఆ పాలు పొయ్యి మీంచి దించండి’ అంటే వినపడదు గానీ, ఇలాంటివి గోడ అవతల గుసగుసలాడినా వినపడతాయి. పొద్దున్నే గ్లాసులోంచి పళ్ళసెట్టు తీసి పెట్టుకోకముందే, బోసినోటితోనే, పెద్దకోడలిని వంటింటి గుమ్మంలో ఆపి అందించింది. నీళ్ళ ట్యాంకు వెనక వీధిలో, అద్దెకివ్వబడునని బోర్డు వేలాడే ఇంటి ముందు, మన స్కూటరు ఆగి ఉందట. ఒకసారైతే ఏదో దారినపోతూ ఆగారనుకోవచ్చు, మళ్ళీ కూడా కనపడిందట. రెండోసారి చూసేసరికి ఆ బోర్డు లేదట. “బోర్డు లేదంటే ఏమిటే దానర్థం?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పళ్ళు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు వీధివైపు కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది ఆవిడ.

దానర్థం పెద్దకోడలికి తెలియక కాదు. అందుకే ఇప్పుడు, అందరూ తిని లేచాక, వాన వెలిసి దండెం తాడు మీంచి బొట్టు బొట్టుగా నీళ్ళు జారుతున్న ఈ వేళలో, భోజనాల బల్ల మీది కంప్యూటరు ముందు కూర్చుని, పొద్దున బజారు సంచిలో వచ్చిన బిల్లును అరచేత్తో సాపు చేస్తోంది. పొడుగాటి బిల్లు, పాముకుబుసంలా చుట్టుకుపోతూ ఉంటుంది, ఒక కొస మీద ఉప్పుడబ్బా, ఇంకో కొస మీద కళ్ళజోడు పెట్టి ఆపితే గానీ నిలవదు. అన్నదమ్ములిద్దరూ వెళ్ళి తెచ్చారు సరుకులు. తెచ్చి, సంచులు దించి, స్నేహితుడెవరింట్లోనో ఫ్యాన్లు బిగించాలంటూ పనిముట్ల సంచి తగిలించుకుని మళ్ళీ వెళ్ళిపోయారు. ఒక్క స్కూటరు మీద ఇద్దరూ. ఈ ఇంట్లో స్కూటరు ఒకటే. తన మొగుడు లిఫ్టుల మెకానిక్కు, కంపెనీ వాళ్ళ వ్యానొచ్చి తీసుకుపోతుంది. కాబట్టి స్కూటరు వారమంతా మరిది చేతిలోనే ఉంటుంది. పెట్రోలు బిల్లు వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని రెండుగా విడగొట్టి, వాళ్ళ వైపు ముప్పాతిక, మా వైపు పావు రాస్తుంది, న్యాయం న్యాయమే కదా. అంటే నీళ్ళ ట్యాంకు వీధిలో ఆగిన స్కూటరు ఎవరిదో వేరే చెప్పాలా? ఆ పెట్రోలు కూడా వాళ్ళ ముప్పాతికలోదే.

బల్ల కింద చాప మీద మరిది కూతురు నిద్రపోతోంది. ఐదేళ్ళ పిల్ల. తన మంచం ఉంది, తన దిండు ఉంది, అయినా పెద్దమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడే పడుకుంటుంది. నిద్రలో మడమ వచ్చి ఆమె చీలమండకు ఆనింది, వెచ్చగా, నున్నగా, కాస్త చెమటగా. కాలు తిమ్మిరెక్కుతోంది గానీ కదిలిస్తే పిల్ల లేస్తుంది. లేవనీ అనుకుంది ఒక క్షణం, లేచి ఏడవనీ, వాళ్ళమ్మే వచ్చి ఎత్తుకోనీ, అలవాటు చేసుకోవాలి కదా రేపటి నుంచి. అనుకుంది గానీ కాలు కదపలేదు.

వంటింట్లో చిన్నకోడలు గిన్నెలు తోముతోంది. తోముతూ కూనిరాగం తీస్తోంది. ఎన్నడూ లేనిది ఈ రాగం ఏమిటి? చెప్పుల దుకాణంలో పొద్దస్తమానం ఎవరెవరి పాదాల ముందో వంగి వంగి నడుం పడిపోయిందని ఇంటికొస్తే మూలిగే మనిషి. నడుంనొప్పి మాయమై రాగం వచ్చిందంటే మనసులో ఏదో పండగ జరుగుతోందన్నమాట. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు, పాటలు కూడా పాడతాడేమో ఎవరు చూశారు.

కంప్యూటరు మరిది తెచ్చిందే, ఎవరో పారేస్తుంటే. లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం ఆమె నేర్చుకుంది, ఎవరూ నేర్పకుండా, పాలు పొంగిపోతున్నా చూడకుండా కూర్చుని. దుకాణం పేరు కొట్టాలి. మొత్తం కొట్టాలి. ‘విభజించు’ అన్నచోట నొక్కితే కింద వరసలు తెరుచుకుంటాయి, ఒక్కో వరసలో ఒక్కో పద్దు, దాని పక్కన అంకె. అందరి ఇళ్ళలో ఆ పద్దులు తిండి, మందులు, బట్టలు అని ఉంటాయేమో. ఈ ఇంట్లో మూడే. మాది, వాళ్ళది, ఉమ్మడి. ఒకే సంచిలో, ఒకే బిల్లుతో వచ్చిన సరుకు ఇక్కడికొచ్చేసరికి మూడు పాయలవుతుంది. నూనె ఉమ్మడి. ఆయన గడ్డం సబ్బు మాది. పిల్ల రంగు పెన్సిళ్ళు వాళ్ళది. అట్టడుగున ‘మిగిలింది’ అని ఎర్రటి అంకె ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, ఎవరికీ రాయకుండా ఇంకా ఎంతుందో చెబుతూ. అది సున్నా అయితే తప్ప భద్రపరచనివ్వదు. ఆ ఎరుపు ఆకుపచ్చగా మారే క్షణం అంటే ఆమెకు చెప్పలేనంత ఇష్టం, ముల్లు తీశాక కాలికుండే తేలికలాంటిది.

ఇదంతా తను పుట్టించిన బుద్ధేమీ కాదు. అదే కదా ఎవరికీ గుర్తుండదు. మామగారు పోయిన కొత్తలో, ఒకే పర్సులో అందరి జీతాలూ పడి ఎవరు తీశారో ఎవరు పెట్టారో తెలియని రోజుల్లో, చలికి చేతులు పగిలిపోతున్నాయని ఆమె ఒక చిన్న క్రీము సీసా తెచ్చుకుంది. లాండ్రీ కౌంటరు పని, రోజంతా తడి బట్టలూ, సోడా ఘాటూ, వేళ్ళు చీలి నెత్తురు కారేది. ఆయనే, మొగుడే, సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ‘ఉమ్మడి డబ్బులో ఇదెందుకే, తమ్ముడేమనుకుంటాడు’ అన్నాడు. తమ్ముడేమీ అనుకోలేదు. తమ్ముడి పెళ్ళాం అదే వారం ఎత్తుమడమల చెప్పులు కొనుక్కుంది, దుకాణంలో పనిచేసే వాళ్ళకు తగ్గింపు ఉందంటూ. ఆ సాయంత్రం తను నోరు తెరిస్తే, ‘ఎవరి ఖర్చు వాళ్ళది తేలిపోతే గొడవే ఉండదు’ అన్నదీ ఆయనే. ఆ మాట పట్టుకునే ఆమె తేల్చింది. తేల్చమన్నవాడు మరిచిపోయాడు, తేల్చినది మిగిలింది. కత్తి ఇచ్చినవాడు మంచివాడు, కోసినది చెడ్డది, ఏ ఇంట్లో చూసినా అంతే.

బిల్లు. బిల్లు చూడు. ఆలోచనలు పక్కకు పోతున్నాయి, మడమ వెచ్చదనం ఒక పక్కకు లాగుతోంది. పప్పు, చక్కెర, నూనె, ఉమ్మడి ఉమ్మడి ఉమ్మడి. గిన్నెల సబ్బు ఉమ్మడి. అత్తగారి పళ్ళసెట్టు శుభ్రం చేసే బిళ్ళలు, దీని మీద ఒకప్పుడు పంచాయితీ అయింది, ఆవిడ ఇద్దరికీ అత్తే కాబట్టి ఉమ్మడి అని తేలింది. ‘నా పళ్ళు కూడా పంచుకున్నారా, పై వరస పెద్దాడికి, కింద వరస చిన్నాడికి’ అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్విస్తుంది. ఆ తర్వాత, ఎవరో మధ్యలో ఇరికించినట్టుగా, తాళంకప్ప. ఒకటి. ఇంట్లో తాళంకప్ప ఉంది కదా, ఎప్పుడూ వేసేదే లేదు, ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు కాబట్టి. ఆ కిందే కొక్కేలు, గోడకు కొట్టేవి, ఒక పొట్లం. ఆ కింద బకెట్టు, మగ్గు. ఉన్నవి పగల్లేదే! చీపురు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా. బట్టలారేసే తాడు. బల్బులు. సంచుల్లో ఇవేవీ రాలేదు. సంచులు తనే ఖాళీ చేసింది, పప్పు డబ్బాలో పోసింది, సబ్బులు అలమరలో సర్దింది, బకెట్టేమీ మగ్గేమీ చేతికి తగల్లేదు. సరుకు ఇంటికి రాలేదు, బిల్లు మాత్రం వచ్చింది. దాచాలనుకున్నవాళ్ళు బిల్లును కూడా దాచాలని తట్టలేదు పాపం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది గానీ మూతి తుడుచుకోవడం దానికి రాదు.

ఈ జాబితా ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో, అద్దె గదిలో దిగినప్పుడు, సరిగ్గా ఇవే కొన్నారు తనూ ఆయనా, ఇదే వరసలో, ముందు తాళం, తర్వాత చీపురు. మనిషి కొత్త ఇంట్లో కాలు పెట్టేముందు కొనే వస్తువులు ఎక్కడైనా ఇవే. వేరు కుంపటికి కుంపటి కంటే ముందు చీపురు కావాలి. ఎంత ధైర్యం, ఉమ్మడి బిల్లులో పెట్టి కొన్నారు! ఉమ్మడి డబ్బులతోనే ఉమ్మడిని చీలుస్తారన్నమాట. మంచమూ మనదే, కోడూ మనదే, నరికేది మాత్రం వాళ్ళు. బల్బుల దగ్గర వేలు ఆగింది. పసుపు వెలుగువి. ఇదొక విడ్డూరం. చిన్నకోడలికి తెల్ల వెలుగు కావాలి, చెప్పుల దుకాణంలో లాగా కళ్ళు జిగేల్‌మనాలి. పసుపు వెలుగు కావలసింది తనకు. తెల్లది తలనొప్పి తెస్తుందని ఈ గదిలో తనొక్కతే గొడవపడి మార్పించుకుంది. ఇన్నాళ్ళూ ‘గుడ్డి వెలుగు అక్కా’ అని వెక్కిరించి, తీరా తన కొంపకు వచ్చేసరికి పెద్దదాన్ని చూసి నేర్చుకుందన్నమాట. నేర్చుకోనీ. పట్టా కూడా ముదురు గోధుమ రంగు అని రాసి ఉంది, మట్టి కనపడదని తను ఎప్పుడూ చెప్పేదే. కూర్చుని తిన్నంతకాలం తన దగ్గరే తిని, లేచి వెళ్ళేటప్పుడు తన తెలివి కూడా మూటగట్టుకుపోతున్నారు.

ఆయనకు తెలుసా? తెలిసుంటే చెప్పకుండా ఉంటాడా. తమ్ముడంటే ప్రాణం పెట్టే మనిషి, తెలిస్తే ముఖంలోనే కనపడేది. ఈ మధ్య ముఖం ఒకలా ఉన్న మాట నిజమే, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టును చూసినట్టు తనను చూస్తున్నాడు, తలుపు ఎటువైపు తెరవాలో తెలియనట్టు. మొన్న బూట్లు వేసుకుంటూ, ఉన్నట్టుండి, ‘నీకు వంటింటి కిటికీ వీధివైపు ఉంటే బాగుంటుందా, పెరటివైపా?’ అన్నాడు. పొద్దున్నే ఇలాంటి ప్రశ్నలేమిటి, పని మీద పోయే మనిషికి? ‘ఉన్న కిటికీ తుడిచే దిక్కు లేదు’ అంది తను. తల ఊపి వెళ్ళిపోయాడు. వయసు మీద పడుతోంది. లేకపోతే తమ్ముడే ఆయన చేత ఏదో కూపీ లాగిస్తున్నాడు. లేకపోతే. ఈ ‘లేకపోతే’కు అంతం ఉండదు, అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా, మొదట ఇంత ఉంటుంది, వేళ్ళ సందులో పట్టేంత, తర్వాత అది పడుకోవడానికి మనం మంచం ఖాళీ చేయాలి.

లాండ్రీలో మొదటిరోజు యజమాని నేర్పిన పని ఒక్కటే. చొక్కా కాలరు లోపల నంబరు గుడ్డ పిన్ను చేయడం. ‘డ్రమ్ములో పడ్డాక అన్నీ ఒకటేనమ్మా, డాక్టరు ప్యాంటూ రిక్షావాడి ప్యాంటూ కలిసి తిరుగుతాయి, బయటికొచ్చాక ఎవరిది వాళ్ళకు చేరాలంటే ఈ గుడ్డముక్కే దిక్కు.’ అది ఆమెకు ఎంతగా పట్టుబడిందంటే ఇన్నేళ్ళలో ఒక్క బట్ట తారుమారు కాలేదు. ఒక్కటే, ఒక తెల్ల చొక్కా. పిన్ను ఎక్కడో ఊడింది. ఇద్దరు రావచ్చు దానికోసం, ఇద్దరివీ తెల్ల చొక్కాలే. ఇద్దరూ వచ్చారు. చూపిస్తే ఇద్దరూ ‘మాది కాదమ్మా, అవతలివాళ్ళదేమో’ అని వదిలేసి పోయారు, పెద్దమనుషుల్లా. అది ఇంకా కౌంటరు వెనక మేకుకు వేలాడుతోంది, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఎవరిదీ కాకుండా. దాన్ని చూస్తే ఆమెకు చిరాకు. పారేయడానికి చేతులు రావు. గాలికి ఊగినప్పుడల్లా చేతులు ఊపుతూ ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది.

ఎర్ర అంకె కొట్టుకుంటోంది. మిగిలింది, మిగిలింది. పిల్ల నిద్రలో ఏదో గొణిగింది. బిస్కెట్టు అన్నట్టుంది. ఇదిగో, బిల్లులో బిస్కెట్లు కూడా ఉన్నాయి, ఆయన టీలో ముంచుకునేవి, గుండ్రటివి. అవి మాది. కానీ సగం పిల్లే తింటుంది. అందుకని చాలాకాలంగా ఆమె బిస్కెట్ల పొట్లాన్ని కూడా రెండు వరసలు చేస్తోంది, సగం మాది, సగం వాళ్ళది. ఒకసారి ఆయన వెనక నిలబడి చూశాడు. చాలాసేపు చూశాడు. ‘దాని పళ్ళు కూడా లెక్కపెట్టావా?’ అన్నాడు. ‘లెక్క లెక్కే, ముద్దు ముద్దే’ అంది ఆమె, అందులో తప్పేముంది, పిల్లను ముద్దు పెట్టుకోవడానికి వరసలు తెరిచిందా ఎప్పుడైనా? ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడలు వేయడం, బూటు ముడి నేర్పడం, జ్వరమొస్తే ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం, ఇవి ఏ పద్దులో రాసింది? రాయలేదు. రాయడానికి చోటు లేక కాదు. ఆ తర్వాత ఒకనాడు, అందరూ టీ దగ్గర ఉండగా, పిల్ల బిస్కెట్ల డబ్బాలో చేయి పెట్టి, తీయకుండా ఆగి, తలెత్తి అడిగింది. “పెద్దమ్మా, ఇది మాదా, మీదా?” అత్తగారు విరగబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, ఎంత తెలివే నీకు అని బుగ్గ గిల్లి, మీదే తిను అంది. చిన్నకోడలు పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆయన టీ సగంలో కప్పు కింద పెట్టేశాడు. టీ చల్లారిందేమో అనుకుంది తను. నవ్వే మాటకు నవ్వలేదని మాత్రం గుర్తుంది.

ఆ పిల్ల వెళ్ళిపోతుంది. అసలు మాట ఇదే, బకెట్టూ కాదు, చీపురూ కాదు. ఇంటి అద్దె మొత్తం తమ మీద పడుతుందన్న భయమూ కాదు, పడితే పడుతుంది, లాండ్రీలో ఇంకో పూట చేస్తుంది. చాప మీద ఈ చోటు ఖాళీ అవుతుంది. చీలమండకు వెచ్చదనం తగలదు. నీళ్ళ ట్యాంకు వీధి ఎంత దూరం, నడిచిపోవచ్చు, కానీ తలుపు కొట్టి వెళ్ళడం వేరు, తలుపు లేకుండా ఉండడం వేరు. తలుపు కొడితే చిన్నకోడలు ‘రండక్కా’ అంటుంది, ‘రా అక్కా’ కాస్తా ‘రండక్కా’ అవుతుంది, కుర్చీ వేస్తుంది, పిల్లను పిలిచి పెద్దమ్మకు దండం పెట్టమంటుంది. చుట్టానికి పెట్టినట్టు. ఈ పిల్లను తను కనలేదు, నిజమే. ఏళ్ళ తరబడి ఆశపడి, మందులు మింగి, ఆ మందులన్నీ ‘మాది’లో రాసుకుని, చివరికి మానేసింది. అదే ఏడు ఈ పిల్ల పుట్టింది. ఆసుపత్రిలో ముందుగా చేతుల్లోకి తీసుకున్నది తనే. ఎవరి బట్టకు ఏ నంబరు గుడ్డ తగిలించాలో తెలిసిన ఆ చేతులకు ఆ రోజు గుర్తు రాలేదు, ఈ మూటకు పిన్ను పెట్టి ఉందని.

వంటింట్లో రాగం ఆగింది. నీళ్ళు ఆగాయి. గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతోంది చిన్నకోడలు. పెద్దకోడలు అటు చెవి పెట్టింది. వినకూడదనుకుంటే చెవులకు మూతలు ఉండేవి. “ఆఁ… తాడు కట్టేశారా… పెరటివైపు కిటికీ బాగుంది… లేదు లేదు, అక్కకింకా తెలీదు.” ఆ తర్వాత నవ్వు లేదు. ఒక నిట్టూర్పు లాంటిది. నిట్టూర్పు కూడానా! వెళ్ళేవాళ్ళకు నిట్టూర్పు ఎందుకు, ఉండేవాళ్ళకు గానీ. ‘అక్కకింకా తెలీదు.’ అంటే అందరికీ తెలుసు, మేడమీదావిడకు తెలుసు, మెట్లు తుడిచే ఆమెకు తెలుసు, తాడుకూ కిటికీకీ తెలుసు. స్నేహితుడింట్లో ఫ్యాన్లని చెప్పి వాళ్ళ కొత్తింట్లో తాడు కట్టించుకుంటున్నారు, అదీ అన్నగారితోనే, పాపం ఆ అమాయకుడు ఎవరిల్లో కూడా తెలియకుండా మేకులు కొడుతున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తన మొగుడి చేతులు అరువు తెచ్చుకుని తన ఇంటినే విడగొట్టిస్తున్నారు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. తాళంకప్ప, వాళ్ళది. కొక్కేలు, వాళ్ళది. బకెట్టు, మగ్గు, చీపురు, వాళ్ళది, వాళ్ళది, వాళ్ళది. పట్టా వాళ్ళది. తాడు వాళ్ళది. పసుపు బల్బుల దగ్గర వేలు మళ్ళీ ఒక్క క్షణం తటపటాయించింది, ఏదో అడ్డుపడ్డట్టు, పంటి కింద రాయిలా, అదేమిటో అనుకునేలోపే నొక్కేసింది. వాళ్ళది. బిస్కెట్లు మాత్రమే మిగిలాయి. ఎర్ర అంకె అక్కడ ఆగి కొట్టుకుంది. ఇక సగాలు దేనికి, వెళ్ళేవాళ్ళు ఎలాగూ వెళ్తున్నారు, ఈ పొట్లం మొత్తం నేనే పెట్టుకుంటాను అనుకుని, ముక్కు ఎగబీల్చి, బిస్కెట్లన్నీ ‘మాది’లో రాసింది, ఈ ఇంట్లో మొదటిసారిగా. సున్నా. ఆకుపచ్చ. భద్రపరిచింది. ముల్లు తీసినట్టుగా లేదు ఈసారి, ముల్లు లోపలికి పోయినట్టుంది.

స్కూటరు చప్పుడు వీధి మలుపులోనే తెలిసింది. అత్తగారు కుర్చీలోంచే “వచ్చారే” అని కేకేసింది. పిల్ల కళ్ళు నులుముకుంటూ లేచి, బల్ల కింది నుంచి పాకి వచ్చి పెద్దమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది, మెడ దగ్గర నిద్రవాసనతో. అన్నదమ్ములిద్దరూ లోపలికి వచ్చారు. ఇద్దరి జుట్టు నిండా సున్నం రజను. ఫ్యాన్లు బిగిస్తే సున్నం రాలుతుంది సరే, మోచేతులకు కొత్త గోడ రంగు కూడా అంటుకుంటుందా. మరిది ఆమె కళ్ళలోకి చూడలేదు, నేరుగా కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగాడు. చిన్నకోడలు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఈ కుటుంబంలో ఎవరూ ఎవరితోనూ సూటిగా మాట్లాడరు, సామెతలతో పొడుచుకుంటారు. ఆమె సామెత కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

“ఏమ్మా చెల్లీ, ఇల్లు దొరికిందటగా?” అంది, బిల్లు ఎత్తి పట్టుకుని. “తాళం కూడా కొన్నట్టున్నారు.”

చిన్నకోడలి చేతిలో తుడిచే గుడ్డ ఆగిపోయింది. బావగారి వైపు చూసింది. “మీరు చెప్పేశారా బావగారూ? రేపు చెప్తానన్నారుగా.”

“ఆయన చెప్పేదేమిటి! బిల్లే చెప్పింది.” ఆమె గొంతు తనది కానట్టు లేచింది. “మీకూ తెలుసా అండీ? తెలిసే మేకులు కొట్టారా? అంతా కలిసి నా కళ్ళకు గంతలు కట్టారే! పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ నా చేతుల్లో పెరిగింది, ఒక్క మాట చెప్పకుండా తీసుకుపోదామనా! పొండి. ఎప్పుడో చెప్పండి, సంచులు నేనే సర్దిపెడతా.”

“వదినా, అది కాదు…” అని మరిది గ్లాసు దించి, అన్నను చూసి, ఆగిపోయాడు.

“ఏమిటే గోల, ఏమంటోంది?” అని అత్తగారు వీధివైపు నుంచి అడిగింది. ఆవిడకు నిజంగానే వినపడలేదో, మరెందుకో.

పిల్ల బల్ల మీదికి వంగి డబ్బాలోంచి బిస్కెట్టు ఒకటి తీసింది. తీసి, కొరకకుండా, అలవాటుగా పెద్దమ్మ ముఖంలోకి చూసింది. ఆయన అది చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి కంప్యూటరు పక్కన, బిల్లు మీద పెట్టాడు. కొత్తది, ఇంకా దుకాణంవాళ్ళ పసుపు తాడే కట్టి ఉంది.

“వాళ్ళెక్కడికీ పోవట్లేదు. పోయేది మనం. నువ్వు ఇంటిని ఎప్పుడో వేరు చేశావు, నేను గది చూశానంతే.”